చలికాలంలో మడికి నీళ్ళు ఎప్పుడు పొయ్యాలంటే

పిల్లలూ,

మేడ మీద కట్టుకున్న ఎత్తు మడుల్లో టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్, పాలకూర వేశారని, పొద్దున ఓసారి సాయంత్రం ఓసారి మగ్గులతో నీళ్ళు పోస్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, చాలా సంతోషం వేసింది. కానీ అన్ని నీళ్ళు పోస్తున్నా టమాటా మొక్కలు తలలు వాల్చేస్తున్నాయని, ఇంకో రెండు మగ్గులు ఎక్కువ పోస్తున్నారని కూడా చెప్పింది. అందుకే బేగి రాస్తున్నా, ఈ ఉత్తరం చదివేదాకా ఆ మడికి నీళ్ళు పొయ్యకండమ్మా.

ఏంటంటే, నీళ్ళు తక్కువైనా మొక్క వాడుతుంది, ఎక్కువైనా వాడుతుంది. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, తేడా మట్టిలో తెలుస్తుంది. వేళ్ళు కూడా గాలి పీల్చుకోవాలి కదా, మట్టి రేణువుల మధ్య ఉండే ఖాళీల్లో గాలి ఉంటుంది, అస్తమానం నీళ్ళు పోస్తే ఆ ఖాళీలన్నీ నీళ్ళతో నిండిపోయి వేళ్ళకి ఊపిరాడక కుళ్ళిపోతాయి, కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు, అందుకే నీళ్ళల్లో నిలబడి కూడా మొక్క దాహంతో వాడిపోతుంది. అప్పుడు మనం ఇంకా పోస్తాం, అది ఇంకా కుళ్ళుతుంది. మడిలో మట్టి కొంచెం తవ్వి వాసన చూడండి, మురుగు వాసన వస్తే ఇదే సంగతి. పైన పచ్చగా పాకుడు పట్టినా, మట్టి మీద చిన్న చిన్న నల్ల దోమలు లేస్తున్నా ఇదే.

మరి ఎండాకాలంలో రెండు పూటలా పోస్తే ఏమీ కాలేదే అంటారా? ఆకుల కింద కంటికి కనబడని సన్న రంధ్రాలుంటాయి, మొక్క తాగిన నీళ్ళల్లో చాలా భాగం వాటిలోంచే ఆవిరైపోతుంది. మే నెల ఎండకి అది గబగబా జరుగుతుంది, ఇప్పుడు పొద్దు చిన్నది, ఎండలో పదును లేదు, వేళ్ళు కూడా నెమ్మదిగా తాగుతాయి, కాబట్టి పోసిన నీళ్ళు మడిలోనే ఉండిపోతాయి.

అలా అని మానేస్తే కుదరదు. మన మడి నేల మీద కన్నా ఎత్తుగా ఉంది, అడుగున రంధ్రాలున్నాయి, పక్కలకి గాలి తగులుతుంది, నేల మీది మడి కన్నా ఇది త్వరగానే ఆరుతుంది. రోజూనా, రోజు విడిచి రోజా అని నన్నడిగితే నేను చెప్పలేను, మడి చెప్పాలి. చూపుడు వేలు రెండు కణుపులు లోపలికి దిగేలా గుచ్చండి. తీశాక వేలికి మట్టి అంటుకుని చల్లగా ఉందా, ఆ రోజు పొయ్యొద్దు. పొడిగా రాలిపోయిందా, అడుగు రంధ్రంలోంచి చుక్క కారేదాకా నిదానంగా పొయ్యండి. పైన చూసి మోసపోకండి, ముఖ్యంగా మీరు కోకోపీట్, అదే కొబ్బరి పీచు పొడి, ఎక్కువ కలిపారు, అది పైకి ఎండిపోయినట్టు కనిపిస్తూనే లోపల తడి పట్టుకుని ఉంటుంది. పాలకూర, కొత్తిమీర వేళ్ళు పైపైనే ఉంటాయి, వాటికి ఒక కణుపు లోతు చూస్తే చాలు.

ఎప్పుడు పొయ్యాలంటే ఎండ మడి మీదకి వచ్చాక, ఎనిమిది తొమ్మిది గంటలకి. సాయంత్రం వద్దు. డిసెంబర్, జనవరిలో మన విశాఖలో రాత్రి మంచు పడుతుంది, దానికి తోడు మనం తడిపిన ఆకులు తెల్లారేదాకా ఆరవు, మచ్చ తెగుళ్ళు అలాగే వస్తాయి. మొక్క మీద కాకుండా మొదట్లో మట్టికి పొయ్యండి. విత్తనాలు మొలుస్తున్న ట్రేకి మాత్రం స్ప్రేతో తుంపరగా కొడితే సరిపోతుంది, లేకపోతే లేత మొలకలు మొదట్లో సన్నబడి పడిపోతాయి, దాన్నే నారుకుళ్ళు అంటారు.

చలికి మొక్కలు పాడైపోతాయని చిన్నోడు భయపడుతున్నాడట. మన ఊళ్ళో జనవరి రాత్రి కూడా మామూలుగా 17, 18 డిగ్రీలుంటుంది, క్యాబేజీ కాలీఫ్లవర్లకి అది హాయి. లంబసింగిలాంటి చోట గడ్డి మీద మంచు గడ్డకడుతుంది చూడు, అక్కడ ఆలోచించాలి. అక్కడి రైతులకి కూడా ఎండిన మట్టి కన్నా తడి మట్టే మేలు, ఎందుకంటే ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1 కేలరీ కావాలి, ఎండు మట్టికి సుమారు 0.2 చాలు. అంటే తడి మట్టి పగలు ఎక్కువ వేడి దాచుకుని రాత్రి మెల్లగా వదులుతుంది.

టమాటాకి ఇంకో మాట. వారం ఎండగట్టి ఒకేసారి ముంచేస్తే కాయలు పగులుతాయి, కాయ కింద నల్లగా కుళ్ళు కూడా పడుతుంది, ఎందుకంటే కాల్షియం నీళ్ళతో పాటే కాయలోకి వెళ్ళాలి, నీళ్ళు ఆగి ఆగి అందితే అది సరిగ్గా చేరదు. అందుకే మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులో వరిగడ్డో పరవండి, తడి నిలకడగా ఉంటుంది, కాండానికి మాత్రం తగలనివ్వకండి.

మీది సముద్రం దగ్గర ఇల్లు కదా, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే మడి అంచుల్లో తెల్లగా పొర కడుతుంది. అలా కనిపిస్తే కుళాయి నీళ్ళు వాడండి, ఒకసారి అడుగు నుంచి బాగా కారేలా పోసి ఆ ఉప్పు కడిగెయ్యండి, తర్వాత ఆరనివ్వండి.

ఇప్పుడు టమాటా మడి ఆరేదాకా ఆగండి, అడుగు రంధ్రాలు మట్టితో మూసుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూడండి. ఆదివారం ఫోన్ చేసినప్పుడు వేలు పెట్టి చూశాక ఏ మడిలో ఎలా ఉందో చెప్పండి.

మీ తాతయ్య