వ్యవస్థ అంటే బోర్డు పెట్టిన భవనమేనా? ఫస్ట్ సెమిస్టర్‌లో ఏటా వినే అపోహలు

డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు సామాజిక ఆర్థిక శాస్త్రం పరిచయం పేపరు చెబుతుంటాను. సామాజిక వ్యవస్థలు, సుస్థిర సంక్షేమం అని సిలబస్‌లో పెద్ద మాటలుంటాయి. వాటిని విడమర్చి చెప్పడం కష్టమేమీ కాదు. పిల్లలు ఇంటి నుంచే మోసుకొచ్చే నమ్మకాలను కదపడమే కష్టం. వాళ్లననీ ఏం లాభం, టీవీ చర్చల్లో కూర్చునే పెద్దలవీ అవే నమ్మకాలు.

అపోహ: వ్యవస్థ అంటే బ్యాంకు, బడి, కోర్టు

మొదటి క్లాసులో తలా ఒక కాగితం ఇచ్చి, మీకు తెలిసిన ఐదు సామాజిక వ్యవస్థలు రాయండి అంటాను. బ్యాంకు, బడి, పంచాయతీ, ఆసుపత్రి, కోర్టు. ఏటా ఇదే వరస. పెళ్లి అని రాసేవాళ్లు అరుదు. కౌలు అని ఇంతవరకు ఒక్కడే రాశాడు. వాళ్ల నాన్న కౌలు రైతు.

1993లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త డగ్లస్ నార్త్ వ్యవస్థల్ని ఆట నియమాలతో పోల్చాడు. ఆడే జట్లు వేరు, నియమాలు వేరు. బ్యాంకు ఒక జట్టు. అప్పు ఎవరికిస్తారు, తీర్చకపోతే ఏం జరుగుతుంది అన్నవి నియమాలు. కొన్ని నియమాలు చట్టంలో ఉంటాయి, చాలావాటికి కాగితమే ఉండదు. రెండూ ఢీకొన్నచోట ఏది నెగ్గుతుందో, ఎందుకు నెగ్గుతుందో చూడటం మా పని.

ఆడపిల్ల వాటా సంగతే తీసుకోండి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 1985 సెప్టెంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు మాత్రం వర్తించలేదు. దేశమంతటికీ అలాంటి సవరణ 2005లో గానీ రాలేదు. అంటే మనం ఇరవై ఏళ్లు ముందున్నాం. మరి మీ ఇళ్లలో అన్నదమ్ములతో సమానంగా పొలం పంచుకున్న మేనత్తలెంతమంది అని అడిగితే క్లాసులో ఒకటో రెండో చేతులు లేస్తాయి. రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి హక్కు వదులుకుంటూ సంతకం పెట్టిన మేనత్తలెంతమంది అంటే చాలా చేతులు లేస్తాయి.

"పాపం, చట్టం తెలియక" అంటారు పిల్లలు. ఆ మేనత్తకు చట్టం బాగానే తెలుసు. వాటా అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందనీ తెలుసు. కాన్పుకు వెళ్లే ఇల్లు, పండక్కి చీర పెట్టే ఇల్లు, అత్తింట్లో గొడవైతే నాలుగు రోజులు తలదాచుకునే ఇల్లు అదే. రెండెకరాలు వదులుకుని ఆమె ఆ గడపను తెరిచి ఉంచుకుంటోంది. ఒక విధంగా అది ఇన్సూరెన్స్ ప్రీమియం. ఇక అన్నలు చెప్పే సాకు ఇంకా విచిత్రం: "కట్నం ఇచ్చాంగా!" కట్నం 1961 నుంచి నేరం. ఆ నేరాన్నే లెక్కలో చూపించి చట్టం ఇచ్చిన వాటాను చెల్లు వేస్తున్నారన్నమాట. వ్యవస్థ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క ఉదాహరణతో సరిపెడతాను.

అపోహ: ఉమ్మడి సొత్తు పాడవక తప్పదు

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్నది మన సామెత. 1968లో గారెట్ హార్డిన్ ఇంచుమించు ఇదే మాటను సిద్ధాంతంగా రాశాడు. అందరిదీ అయిన మేత బీడులో ప్రతివాడూ ఇంకో పశువును తోలతాడు, చివరికి బీడే మిగలదు. దాన్ని కాపాడాలంటే ప్రభుత్వమైనా పెత్తనం చెయ్యాలి, లేదా ప్రైవేటు ఆస్తిగానైనా మార్చాలి అన్నాడు.

ఎలినార్ ఆస్ట్రమ్ ఈ వాదాన్ని నిజమైన ఊళ్లతో పోల్చి చూసింది. అడవులు, కాలువలు, చేపల రేవులు, ఎన్నోచోట్ల జనం తామే నియమాలు పెట్టుకుని తరాల తరబడి కాపాడుకుంటున్నారని చూపించింది. 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకుంది, ఆ బహుమతి పొందిన తొలి మహిళ ఆమే. మన పాఠ్యపుస్తకాల్లో తరచూ కనబడని ముక్క ఒకటుంది. ఈ చర్చలో పదేపదే వచ్చే ఉదాహరణల్లో ఒకటి మన కర్నూలు జిల్లాది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు అక్కడి కాలువ కింది ఊళ్లను తిరిగి చూసి 1988లో పుస్తకం అచ్చువేశాడు. కొన్ని ఊళ్లు నీళ్లు పంచడానికి సొంతంగా మనుషుల్ని పెట్టుకున్నాయి. పైరును పశువులు మేయకుండా చూసే కాపలావాళ్లూ ఉన్నారు. కోతలయ్యాక చేలల్లో గొర్రెలు మేపుకునే హక్కును ఊరే అమ్మి, ఆ డబ్బుతో ఊరి నిధి నడిపేది. ఏ జీవో చెబితేనో చేసిన పని కాదిది.

నాకు బాగా నచ్చింది దాని తర్వాతి ప్రశ్న. పక్కపక్క ఊళ్లు, అవే కులాలు, అదే కాలువ. ఒక ఊళ్లో ఈ ఏర్పాటు ఉంది, ఇంకో ఊళ్లో లేదు. ఎందుకని? కాలువ మొదట్లో ఉన్న ఊళ్లకు నీళ్లకు కొదవ లేదు, కాబట్టి కట్టుబాటు అవసరం పడలేదు. చివరి ఆయకట్టులో నీళ్లు అందేది అనుమానమే, పోతే అందరి పంటా పోతుంది. అక్కడే జనం ఒక్కటయ్యారు. "ఆ ఊరి వాళ్లు మంచోళ్లు, ఐకమత్యం ఎక్కువ" అని రాస్తే నా పేపర్లో మార్కులు పడవు.

అపోహ: చేతికి అప్పందితే పేదరికం పోతుంది

పొదుపు సంఘాలు ఎలా పుట్టాయో ఈ కాలం పిల్లలకు తెలియదు. ఏదో సర్కారు పథకం అనుకుంటారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రిపూట అక్షరాస్యత కేంద్రాల్లో కూర్చున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. దూబగుంట రోశమ్మ పేరు అప్పుడే ఊరూరా వినబడింది. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం మాత్రం రెండేళ్లే నిలిచింది. సారాకు పోకుండా మిగిలిన డబ్బును రోజుకో రూపాయి చొప్పున కూడబెట్టడం అదే జిల్లాలో మొదలైంది. దాని పేరు పొదుపులక్ష్మి. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు సంఘాలను బ్యాంకులకు కలిపే ప్రయోగానికి 500 సంఘాలతో శ్రీకారం చుట్టింది. 1982 నుంచే ఉన్న డ్వాక్రా పథకం కింద తర్వాత సంఘాలు పెరిగాయి, ఆపై వెలుగు పథకం, గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు వచ్చాయి.

పొలం పట్టా లేని మనిషికి బ్యాంకు ఎందుకు అప్పిచ్చింది? పక్కింటామె పూచీ ఉంది కాబట్టి. ఒకరు కట్టకపోతే మిగతా తొమ్మిది మందికీ తరువాతి అప్పు ఆగిపోతుంది. కానీ ముందు నెలల తరబడి మీటింగులు, పొదుపు, తీర్మానం పుస్తకం, లోపల లోపలే చిన్న అప్పులు నడిచాయి. ఎవరి ఇంట్లో ఏ కష్టముందో అందరికీ తెలుసు. ఒకామె వాయిదా తప్పితే ఈ నెల సర్దుదాం అనే వీలుంది.

2000ల్లో పేదలకు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఇదే పూచీని ఎత్తుకుపోయి, మీటింగులను, ఓపికను వదిలేశాయి. వారం వారం వసూలు, ఒకే మనిషికి నాలుగు కంపెనీల అప్పు, కట్టకపోతే మిగతావాళ్లందరూ ఆమె గుమ్మం ముందే. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇళ్లకు వెళ్లి వసూళ్లు చెయ్యొద్దంది, వారం వాయిదాలు మాన్పించింది, వడ్డీ అసలును మించకూడదంది. వసూళ్లు కుప్పకూలాయి. దాని తర్వాత రిజర్వు బ్యాంకు మాలేగాం కమిటీ వేసి కొత్త నిబంధనలు తేవాల్సి వచ్చింది. రెండు చోట్లా ఉన్నది పక్కింటామె పూచీయే. ఒకచోట అది అండ, ఇంకోచోట ఉచ్చు. కాబట్టి "గ్రూపు లోన్లు మంచివా చెడ్డవా" అని వాట్సాప్‌లో అడిగేవాళ్లకు నేను జవాబివ్వను. ఆ గ్రూపు ఎలా నడుస్తుందో చెప్పండి అంటాను.

అపోహ: జీడీపీ పెరిగితే చాలు. దానికి కవల: జీడీపీ ఉత్త దండగ

రెండోది ఈమధ్య ఫ్యాషనైంది. ఆదాయం లేకుండా బడులు, ఆసుపత్రులు గాల్లోంచి రావు. అయితే జాతీయాదాయం లెక్క కట్టిన సైమన్ కుజ్నెట్సే 1934లో అమెరికా కాంగ్రెస్‌కు చెప్పాడు, ఈ అంకె చూసి ప్రజల సంక్షేమం ఎంతో తేల్చలేమని. తలసరి ఆదాయంలో తెలంగాణ కొన్నేళ్లుగా కేరళకు పైనే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, కేరళలో 36.3 శాతం.

లెక్కలో ఏముందో కూడా చూడాలి. ఇంట్లో తినడానికి పండించుకున్న వడ్లు జీడీపీలోకి వస్తాయి, వాటిని అన్నం చేసిన పని రాదు. 2019 కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. చేసే కొద్దిమంది మగవాళ్లు 97 నిమిషాలు. ఈ అంకె బోర్డు మీద రాసిన రోజు వెనక బెంచీల్లో నవ్వులు ఆగిపోతాయి.

అపోహ: ఇది లెక్కలు రానివాళ్ల సబ్జెక్టు

స్టాటిస్టిక్స్ పేపరు రెండో సెమిస్టర్‌లో ఉంది. అప్పుడు మాట్లాడుకుందాం.

అపోహ: సుస్థిరం అంటే మొక్కలు నాటడం

హరితహారం ఫొటో పెట్టి ప్రాజెక్టు రిపోర్టు ముగించే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. రాయలసీమలో బోరు వేసిన ఏ ఇంటికైనా వెళ్లి అడగమంటాను. మూడు బోర్లు ఎండిపోయాయి, నాలుగోది వెయ్యి అడుగులు. రిగ్గువాడికి ఇచ్చిన డబ్బు రాష్ట్ర ఆదాయంలో కలిసింది, నేలలో తగ్గిన నీరు ఎక్కడా తీసివేతగా పడలేదు. 2004 నుంచి సాగుకు కరెంటు ఉచితం. నీరు, నేల, చెట్ల రక్షణకు 2002లో తెచ్చిన వాల్టా చట్టంలో బోర్లకు నిబంధనలున్నాయి, కానీ పక్కవాడి మీద ఫిర్యాదు చేసి ఊళ్లో ఎవరు బతుకుతారు?

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) అండతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో ఒక ప్రాజెక్టు నడిచింది. అందులో ఎవరినీ బోరు ఆపమనలేదు. రైతులే వానను కొలిచారు, బావుల్లో నీటి మట్టం కొలిచారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఈసారి భూమిలో ఇంత నీరుంది, ఏ పంట వేస్తే ఎంత తాగుతుంది అని లెక్క రాసుకున్నారు. ఆపై ఎవరి నిర్ణయం వారిదే. నీళ్లెక్కువ తాగే పంటలు చాలాచోట్ల తగ్గాయి. నియమం పెట్టకముందే అందరికీ ఒకే అంకె కనబడటం ఎంత పని చేస్తుందో దీన్నుంచే నేర్చుకున్నాను.

అపోహ: బాగున్నారా అని అడిగితే తెలిసిపోతుంది

బెంగాల్ కరువు మరుసటి ఏడాది, 1944లో, కలకత్తా దగ్గర సింగూర్‌లో ఒక ఆరోగ్య సర్వే చేశారు. అమర్త్యసేన్ దీన్ని తరచూ ఉదహరిస్తాడు. భార్య పోయిన మగవాళ్లలో 48.5 శాతం మంది ఒంట్లో బాగోలేదనో అంతంతమాత్రమనో చెప్పారు. భర్త పోయిన ఆడవాళ్లలో అలా చెప్పింది 2.5 శాతమే. ఆ విధవరాళ్లు నిజంగా ఆరోగ్యంగా ఉన్నారని ఎవరైనా నమ్ముతారా? కష్టాన్ని కష్టమని అనుకునే అలవాటే పోయింది వాళ్లకు. కేరళలో జబ్బుగా ఉందని చెప్పేవాళ్లు బీహార్‌లో కంటే ఎక్కువ ఉండటానికి కారణం కూడా కొంత ఇదే.

అందుకే ఫీల్డుకు వెళ్లే ముందు ప్రశ్నల కాగితంలోంచి "మీరు సంతోషంగా ఉన్నారా" అన్నది కొట్టేయిస్తాను. నీళ్లబిందె ఎంత దూరం మోస్తారు? కిందటిసారి జ్వరమొస్తే ఎన్నో రోజుకు డాక్టరు దగ్గరికెళ్లారు? రాత్రి అన్నం చాలకపోతే ఎవరు మానేస్తారు? ఈ చివరిదానికి మామూలుగా ఇంటాయన జవాబు చెప్పబోయి, ఆగి, వంటింటివైపు చూస్తాడు. అక్కడ పెన్ను పట్టుకుని తొందరపడొద్దని, లోపలి నుంచి జవాబు వచ్చేదాకా ఆగమని పిల్లలకు చెప్పి పంపుతాను.