విస్తరి ముందు నుంచి ఎవరిని లేపాలి?

వెయ్యి శుభలేఖలు పంచి ఆరు వందల మందికే వంట చేయించే పెళ్లివారి లెక్కలో తప్పేమీ లేదు. పిలిచినవారందరూ ఒకే పూట రారు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్, ప్రోగ్రామ్‌లకు మెమరీని పంచే తీరు కూడా ఇంచుమించు ఇదే. ఏదైనా ప్రోగ్రామ్ ఒక జీబీ కావాలని అడిగితే కెర్నల్ సాధారణంగా సరేనంటుంది గానీ, ఆ క్షణాన ర్యామ్‌లో చోటు కేటాయించదు. ఆ స్థలంలో ప్రోగ్రామ్ నిజంగా ఏదైనా రాసినప్పుడే, సాధారణంగా 4 కేబీల ముక్క (దీన్నే పేజీ అంటారు) చొప్పున, అసలు మెమరీని అప్పగిస్తుంది.

పిలిచినవారంతా వచ్చి కూర్చున్న రోజున చిక్కు మొదలవుతుంది. కెర్నల్ ముందుగా డిస్క్ నుంచి తెచ్చి ఉంచుకున్న ఫైళ్ల కాపీలను వదిలించుకుంటుంది, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునేందుకు డిస్క్ మీద కేటాయించిన చోటు) ఉంటే కొన్ని పేజీలను అక్కడికి తరలిస్తుంది. అదీ చాలకపోతే పంక్తిలోంచి ఒకరిని లేపక తప్పదు. మన పెళ్లిళ్లలో ఇంతకు మించిన అవమానం లేదు. కెర్నల్‌లో మాత్రం ఇందుకోసం ఓఓఎం (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్ అనే ప్రత్యేక విభాగమే ఉంది.

కెర్నల్ డెవలపర్ రిక్ వాన్ రీల్ 1998 ప్రాంతంలో రాసిన దాని తొలి రూపం మెమరీతో పాటు ప్రాసెస్ (అంటే నడుస్తున్న ప్రోగ్రామ్) ఎంతకాలంగా నడుస్తోందో, ప్రాసెసర్ సమయాన్ని ఎంత వాడిందో కూడా చూసి, చాలాసేపు శ్రమించినవారిపై కాస్త కనికరం చూపేది. తెలివైన పద్ధతే, కానీ ఎవరు పోతారో ముందుగా అంచనా వేయడం కష్టమయ్యేది. 2010లో మరో డెవలపర్ డేవిడ్ రియెంట్జెస్ దాన్ని తిరగరాశారు: ప్రాసెస్ ర్యామ్‌లోనూ స్వాప్‌లోనూ ఆక్రమించిన చోటు, దాని పేజీలు ఎక్కడున్నాయో రాసుకునే పట్టికల పరిమాణం కలిపి, మొత్తం మెమరీలో అది వెయ్యింట ఎన్ని వంతులో చూడటమే ఇప్పటి లెక్క. ఎవరి లెక్క ఎక్కువైతే వేటు వారిపైనే. నాకు ఈ మొరటు లెక్కే నయమనిపిస్తుంది.

అయితే ఇందులో దోషి ఎవరన్న విచారణ లేదు. స్వాప్ లేని 8 జీబీల సర్వర్‌లో డేటాబేస్ 5 జీబీలు వాడుతూ నెమ్మదిగా పనిచేసుకుంటోందనుకుందాం. అర్ధరాత్రి మొదలైన బ్యాకప్ స్క్రిప్ట్ ఉబ్బి 2 జీబీలకు చేరింది, మిగిలింది ఇతర ప్రాసెస్‌లు నింపేశాయి. డేటాబేస్ లెక్క 625, స్క్రిప్ట్ లెక్క 250. కరువు తెచ్చింది స్క్రిప్ట్, ప్రాణం పోయేది డేటాబేస్‌కు. పోయే ముందు సర్దుకునే వ్యవధి కూడా ఉండదు, ఎందుకంటే పంపేది ఏ ప్రోగ్రామూ అడ్డుకోలేని 9వ నంబరు సిగ్నల్. కంటెయినర్లు (ప్రోగ్రామ్‌లను విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపే పద్ధతి) వాడేవారికి చిరపరిచితమైన 137 అనే ఎగ్జిట్ కోడ్, అంటే ప్రోగ్రామ్ ఎలా ముగిసిందో చెప్పే అంకె, 128కి ఈ 9 కలిపితే వచ్చినదే.

ఎవరు ముఖ్యమో కెర్నల్‌కు తెలియదు, మనమే చెప్పాలి. అందుకు ప్రతి ప్రాసెస్‌కూ -1000 నుంచి 1000 వరకు, దాని లెక్కకు కలిపే ఒక సవరణ అంకె ఉంటుంది. డేటాబేస్‌కు -500 ఇస్తే దాని లెక్క 125కు దిగి, వేటు స్క్రిప్ట్‌పై పడుతుంది. -1000 ఇస్తే దాని జోలికే రారు. దూరం నుంచి లాగిన్ అయ్యేందుకు వాడే ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ తనకు తాను ఇచ్చుకునేది ఆ అంకెనే, లేకపోతే యంత్రం చతికిలబడినప్పుడు ఆ దారే మూసుకుపోతుంది. ఆండ్రాయిడ్ ఈ అంకెలను క్షణక్షణం మారుస్తుంది: మీరు చూస్తున్న యాప్‌కు 0, వాడి పక్కన పెట్టినవాటికి 900 పైన. వంట యాప్‌లో పులిహోర కొలతలు చూస్తూ మధ్యలో కెమెరా తెరిచి తిరిగి వచ్చేసరికి ఆ యాప్ మొదటి పేజీ నుంచి మొదలైందంటే, ఈలోగా దాన్ని విస్తరి ముందు నుంచి లేపేశారన్నమాట.