కళ్లతో కంప్యూటర్ నడపడం: అపోహలు - వాస్తవాలు

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. ఏఎల్ఎస్ (కండరాలను నడిపే నరాలు క్రమంగా దెబ్బతినే జబ్బు) లాంటి వాటితో చేతులు, మాట పడిపోయినవాళ్లకు కంటిచూపుతో కంప్యూటర్ వాడటం నేర్పుతుంటాను. ఇంట్లోవాళ్ల నుంచి నేను తరచుగా వినే మాటలివి.

అపోహ: ఆ కెమెరా మనసులో మాట చదివేస్తుంది.

వాస్తవం: చదవదు. స్క్రీన్ కింది పరికరం కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేస్తుంది. అది కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) మీద చిన్న చుక్కలా మెరుస్తుంది. పరికరంలోని కెమెరా ఆ చుక్క, కంటిపాప ఎక్కడెక్కడున్నాయో చూసి, చూపు ఎటుందో లెక్కగడుతుంది.

అపోహ: చూస్తే చాలు, అక్షరాలు వాటంతటవే పడిపోతాయి.

వాస్తవం: అసలు కష్టమంతా ఇక్కడే. వెతకడానికి చూసినా, కావాలని చూసినా మెషిన్‌కు ఒకటే. చూసిన ప్రతిదీ నొక్కుకుపోతే మనిషి హడలిపోతాడు. అందుకే చూపు కాసేపు నిలిపితేనే నొక్కినట్టు లెక్క. కొత్తవాళ్లకు నేను ఒక సెకను పైనే పెడతాను, అలవాటయ్యాక తగ్గిస్తాను.

పైగా మనది తెలుగు. 'నీళ్లు' అని రాయాలంటే న, గుడిదీర్ఘం, ళ, పొల్లు, ల, కొమ్ము: ఆరుసార్లు వెతకాలి, ఆరుసార్లు చూపు నిలపాలి. ఒక పెద్దాయన ఆ మాట పూర్తిచేసేసరికి కూతురు గ్లాసుతో వచ్చేసింది. ఆయన రాయబోయింది 'నీళ్లు వద్దు' అని. దయచేసి మధ్యలో అందుకోకండి, వాక్యం పూర్తయ్యేదాకా ఆగండి. రోజూ వాడే మాటలకు ఒక్కొక్క బటన్ పెట్టించుకోండి.

అపోహ: ఏఎల్ఎస్ ఉన్న శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ కళ్లతోనే టైప్ చేసేవారు.

వాస్తవం: చివరి ఏళ్లలో ఆయన వాడింది చెంప కండరం. దాని కదలికను కళ్లద్దాలకు బిగించిన సెన్సర్ పట్టుకునేది. ఏ కండరం మాట వింటే అదే దారి.

అపోహ: కెమెరా చూపును పట్టుకోలేకపోతే ఇక ఆశ లేదు.

వాస్తవం: ఈఈజీతో, అంటే తల మీద పెట్టిన సెన్సర్లతో మెదడు విద్యుత్ సిగ్నళ్లను కొలిచి చేసే మరో పద్ధతి ఉంది. తెర మీద ఒక గడి సెకనుకు 10 సార్లు, మరొకటి 12 సార్లు మిణుకుమంటుంది. దేని మీద ధ్యాస పెడితే ఆ లయ తల వెనక భాగంలోని సిగ్నల్‌లో బలంగా కనిపిస్తుంది. ఇది అందరికీ కుదరదు. మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ప్రయత్నించొద్దు.

అపోహ: మొదటిరోజు కాలిబ్రేషన్ (మనిషి చూపుకు తగ్గట్టు పరికరాన్ని సరిచేసుకోవడం) కుదరలేదు, డబ్బు దండగ.

వాస్తవం: ముందు కిటికీ చూడండి. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది, అది కెమెరాను తికమక పెడుతుంది. కర్టెన్ వేయండి. కళ్లజోడు తుడవండి. మనిషి వెనక్కి వాలి పడుకుంటే స్క్రీన్‌ను కూడా ఆ ముఖానికి ఎదురుగా వంచండి, సుమారు 60 సెంటీమీటర్ల దూరంలో. అప్పుడు మళ్లీ మొదలుపెట్టండి.