ఎవరో విడిచిన బట్టలా? పాత బట్టలు, సీజన్ ఫ్యాషన్ల మీద అపోహలు - వాస్తవాలు

"ఏటక్కా, ఎవలో ఇడిసిన బట్టలు మా గుంటకి ఎలా ఎయ్యమంటావు?" అని మొన్న ఒకావిడ అడిగింది. ఆవిడ చేతిలో ఉన్నది ఒక్క పెళ్లిలో ఒక్కసారి కట్టిన లంగా ఓణీ. గుడ్డ నిగనిగలాడుతోంది, ధర కొత్తదాంట్లో మూడో వంతు. చాలాసేపు చేత్తో తడిమి చూసుకుంది, చివరికి మనసొప్పక పెట్టేసి వెళ్లిపోయింది.

విజయనగరంలో గంటస్తంభానికి కాస్త అవతల నాది చిన్న కుట్టు కొట్టు. పదహారేళ్లుగా జాకెట్లు, ఆల్టరేషన్లు చేస్తున్నాను. ఆరేళ్లుగా ఒక అలమరాలో వాడిన బట్టలు కూడా పెట్టి అమ్ముతున్నాను. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కదా, ఆ నెలంతా కొట్టులో ఊపిరాడదు. ఆవిడకు ఆ రద్దీలో చెప్పలేకపోయిన మాటలు ఇవి.

అపోహ: పాత బట్టలు వేసుకుంటే రోగాలు అంటుకుంటాయి

ఈ భయంలో కొంత నిజం ఉంది. ఉతక్కుండా వేసుకుంటే గజ్జి, తామర అంటుకోవచ్చు. గజ్జి పురుగు మనిషి ఒంటి మీద నుంచి దిగాక మామూలుగా రెండు మూడు రోజులకు మించి బతకదు. తామర తెచ్చే బూజు మాత్రం మొండిది, బట్టల్లో నెలల తరబడి ఉండగలదు. నల్లులు కుట్ల సందుల్లో దాక్కుంటాయి.

వీటికి మందు వేడినీళ్లు. 60 డిగ్రీల వేడి ఉంటే నల్లులు, దుమ్ము పురుగులు చస్తాయి, తామర బూజుకూ అదే విరుగుడు. ఇంట్లో థర్మామీటర్ అక్కర్లేదు. తెర్లుతున్న నీళ్లు ఎన్ని తీసుకుంటే అన్ని కుళాయి నీళ్లు కలపండి, దాదాపు ఆ వేడి వస్తుంది. నూలు బట్టలను సబ్బుపొడి వేసి అందులో అరగంట నానబెట్టి, ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయండి. పట్టు, ఉన్ని ఇంత వేడికి ఆగవు. వాటిని కుట్లు తిరగేసి చూసుకుని, డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి. లోదుస్తులు, సాక్సులు, ఈత బట్టలు నేను ఎవరి దగ్గరా తీసుకోను, మీరూ కొనొద్దు.

కొత్త బట్ట కూడా షాపు నుంచి తెచ్చి నేరుగా వేసుకునేది కాదు. ముడతలు పడకుండా చాలా రెడీమేడ్ బట్టలకు ఫార్మాల్డిహైడ్ కలిసిన పూత పూస్తారు. అది కొందరి చర్మానికి పడదు. ఒక ఉతుకు ఉతికితే చాలావరకు పోతుంది. పురిటి బిడ్డను మన పెద్దవాళ్లు పాత నూలు చీర ముక్కలోనే చుట్టేవారు. పది ఉతుకులు పడిన నూలుకున్న మెత్తదనం కొత్త గుడ్డకు రాదని వాళ్లకు తెలుసు.

పసిపిల్లల బట్టల విషయంలో నేను భయపడేది వేరే దానికి. కలరా ఉండలు వేసి దాచిన బట్టలు బిడ్డకు నేరుగా వేయకండి. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టే పిల్లలు ఉంటారు. ఆ ఉండల నాఫ్తలీన్ ఆవిరికి వాళ్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదురుతాయి. లోపం ఉందో లేదో చాలామందికి ముందుగా తెలియదు. కాబట్టి పిల్లల బట్టల పెట్టెలో ఆ ఉండలు అసలు వేయకండి. ఎవరైనా ఇచ్చిన బట్టలు ఆ వాసన వేస్తుంటే బిడ్డకు వద్దనేయండి.

అపోహ: అవి చనిపోయినవాళ్ల బట్టలు అయ్యుంటాయి

నా దగ్గరకు వచ్చేవి ఎక్కువగా పురుడు తర్వాత పట్టని చుడీదార్లు, ఎదిగిన పిల్లల గౌన్లు, పెళ్లిలో ఒకసారి కట్టి మడతపెట్టినవి. నేను అడిగి మరీ తీసుకుంటాను, పోయినవారివైతే వద్దంటాను. అది ఒక నమ్మకం, దాన్ని నేను గౌరవిస్తాను. మీరు ఎక్కడ కొన్నా "ఇవి ఎవరి దగ్గరివి?" అని అడగండి. నిజాయితీగా అమ్మేవాళ్లు చెబుతారు.

అపోహ: విదేశాల నుంచి వచ్చే పాత బట్టలన్నీ ఆసుపత్రులవే

కావు. అక్కడి జనం విరాళంగా ఇచ్చినవి, అమ్ముడు పోనివి మూటలుగా వస్తాయి. వేసుకోదగిన పాత బట్టల దిగుమతికి మన దేశంలో లైసెన్సు కావాలి. గుజరాత్‌లోని కండ్లా సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) వాటిని ఏరి వేరుచేసే యూనిట్లున్నాయి. చింపి దింపిన ఉన్ని బట్టలు హర్యానాలోని పానిపట్ చేరి, పీచుగా మారి, మళ్లీ నూలై దుప్పట్లవుతాయి. తుపాను శిబిరాల్లో పంచే చౌక దుప్పట్లలో అలాంటివీ ఉంటాయి.

అపోహ: సీజన్ పోతే ఆ బట్ట దండగ

న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్‌లలో ఏడాదికి రెండుసార్లు ఫ్యాషన్ వీక్‌లు జరుగుతాయి. రాబోయే కాలం బట్టలను ఆరు నెలల ముందే చూపిస్తారు. ఆ 'వింటర్ ట్రెండ్' అక్కడి మంచుకు పనికొచ్చేది. మన సముద్రపు ఉక్కలో ఆ మందపాటి పాలిస్టర్ జాకెట్ వేసుకుంటే చెమటకాయలే. మనకు చలంటే ధనుర్మాసంలో పొద్దుటి పూట ఒక పల్చటి స్వెట్టరు.

మన సీజన్లు మనకున్నాయి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, అందుకే షాపులు డిస్కౌంట్లు పెట్టి శ్రావణానికి ముందే సరుకు ఖాళీ చేస్తాయి. పాత బట్టలకు మంచి కాలం కూడా అదే. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా పెళ్లిళ్లలో కట్టినవి అప్పుడే నా అలమరాలోకి వస్తాయి. సంక్రాంతి ముందు ఇల్లు దులిపేటప్పుడు ఇంకోసారి వస్తాయి. ఆ దులుపులో దొరికిన పాలిస్టర్ చీరలను భోగిమంటలో వేయకండమ్మా. ఆ పొగ మీ పిల్లలే పీలుస్తారు.

ఇక పోయిన ఫ్యాషన్ తిరిగి రాదనుకోవద్దు. అమ్మ పెళ్లి ఫొటోలోని బుట్ట చేతులు చూసి నవ్విన ఆడపిల్లలే ఇప్పుడు బుట్ట చేతులు కుట్టమని వస్తున్నారు. పాతకాలపు జాకెట్ పక్క కుట్లు విప్పితే లోపల రెండు వేళ్ల వెడల్పు గుడ్డ వదిలి ఉంటుంది, దాన్ని వదులు చేయొచ్చు. ఇప్పటి రెడీమేడ్‌లో అంచు పోగులు ఊడకుండా వేసే ఓవర్‌లాక్ కుట్టు అవతల ఏమీ ఉండదు. కొనేముందు తిరగేసి ఆ మార్జిన్ చూడండి. సైజు నంబరును నమ్మకండి, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. మీకు సరిగ్గా పట్టే జాకెట్ ఒకటి తెచ్చి, కొనబోయేదాని మీద పరిచి చూసుకోండి.

అపోహ: పాత పట్టుచీరంటే వెండి జరీయే

ఇక్కడ మోసపోయినవాళ్లను చాలామందిని చూశాను. అసలు జరీ అంటే పట్టు దారం చుట్టూ వెండి తీగ చుట్టి బంగారు పూత వేసింది. రాగి తీగ మీద పూత వేసిందీ ఉంది, ఒట్టి ప్లాస్టిక్ జరీ కూడా ఉంది. కొంగు చివర నుంచి ఒక్క పోగు లాగి, నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని కాల్చి చూడండి. ప్లాస్టిక్ కరిగి ఉండ కడుతుంది, లోహం తీగలా మిగులుతుంది. అది వెండో రాగో కంసాలి చెబుతాడు. పట్టు పోగు వెంట్రుకలు కాలిన వాసన వేసి, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. పాలిస్టర్ గట్టి పూసవుతుంది. వీధిలో పాత పట్టుచీరలు కొనేవాళ్లు తూకం చూసేది ఆ వెండి కోసమే. వాళ్లకు వేసేముందు కంసాలికి చూపించండి.

వెలుతురుకు ఎత్తి మడతల దగ్గర చూడటం మరవొద్దు. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ గీత వెంటే చిట్లుతుంది. చిట్లిన చీరకు నేను రఫ్ఫు చేయనని చెప్పేస్తాను. పక్కనే మళ్లీ చిట్లుతుంది, డబ్బు దండగ. దాన్ని విప్పి పిల్లల పట్టు లంగా కుడితే చక్కగా వస్తుంది.

అపోహ: పాత ఖద్దరు ఎందుకూ పనికిరాదు

శ్రీకాకుళం నుంచి వచ్చే వాళ్లు తాతల పొందూరు పంచెలు సిగ్గుపడుతూ సంచీలోంచి తీస్తారు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికిన సన్న నూలు అది. వాడేకొద్దీ మెత్తబడుతుంది. పాడయ్యేదల్లా గంజి పెట్టి దాచినప్పుడు. ఆ గంజి కోసం పురుగులు చేరతాయి, వానాకాలం చెమ్మకు బూజు పడుతుంది. గంజి పోయేలా ఉతికి, బాగా ఆరాకే పెట్టెలో పెట్టండి. మొన్న అలాంటి ఒక పంచె నడుమ పురుగు కొట్టి వచ్చింది. ఆ మేర కత్తిరించేసి మిగతా గుడ్డలో మనవడికి రెండు చొక్కాలు కుట్టి ఇచ్చాను.