ఫోర్క్‌కు వెల్డింగ్: అపోహలు, వాస్తవాలు

"అన్నా, డిస్క్ బ్రేక్ సామాను నేనే తెచ్చిన. ఫోర్క్‌కు ఓ ముక్క వెల్డింగ్ పెట్టిస్తే అయిపోతది గదా?" హన్మకొండలో మా సైకిల్ షాపుకు వారం తిరగకముందే ఎవరో ఒకరు ఈ మాట పట్టుకుని వస్తారు. ఫోర్క్ అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం, ముక్క అంటే దానికి డిస్క్ బ్రేక్ బిగించే పట్టీ. వీడియోలో చూశారట. ఆ వీడియో తీసినాయన ఆర్నెల్ల తర్వాత అదే సైకిల్‌ను మళ్లీ చూపించడు కదా!

అపోహ: వెల్డింగ్ గట్టిగా పడితే ఏ ఫోర్క్‌కైనా డిస్క్ బ్రేక్ పెట్టుకోవచ్చు.

వాస్తవం: వెల్డింగ్ ఊడకపోవచ్చు, దాని పక్కన ఫోర్క్ కాలు విరుగుతుంది. రిమ్మును పట్టే వి-బ్రేక్ బలం పైన, రెండు కాళ్లు కలిసే క్రౌన్ దగ్గర్లో పడుతుంది. డిస్క్ బ్రేక్ బలమంతా కింద, ఎడమ కాలు ఒక్కదాని మీదే. మామూలు స్టీలు ఫోర్క్ కాళ్లు సన్నబడేది సరిగ్గా అక్కడే. 160 మిల్లీమీటర్ల డిస్క్‌ను ప్యాడ్లు పట్టే చోటు యాక్సిల్‌కు (చక్రం ఇరుసుకు) 7 సెంటీమీటర్ల చిల్లర దూరం. టైరు నేలను తాకే చోటు దాదాపు 33 సెంటీమీటర్లు. నేల దగ్గర 40 కిలోల బలంతో సైకిల్ ఆగిందంటే, మీరు అతికించిన ముక్క మీద పడేది దాదాపు 180 కిలోలు. పైగా వెల్డింగ్ వేడికి పక్కనున్న లోహం గుణం మారుతుంది. అల్యూమినియం అయితే మెత్తబడుతుంది.

ఇంకోటి ఎవరూ చెప్పరు. డిస్క్‌ను పట్టే క్యాలిపర్ కాలు వెనక ఉంటుంది కాబట్టి, బ్రేక్ పట్టినప్పుడల్లా యాక్సిల్‌ను అది కూర్చునే కాలి చివరి గాడిలోంచి కిందికి తోస్తుంది. మంచి డిస్క్ ఫోర్కుల్లో గాడి ముందుకు తిరిగి ఉండడమో, త్రూ యాక్సిల్ (గాడికి బదులు రంధ్రాల్లోంచి దూర్చి బిగించే ఇరుసు) పెట్టడమో అందుకే.

ఒక ఇంటర్ పిల్లగాడు, రోజూ ఫాతిమానగర్ బ్రిడ్జి దిగి కాలేజీకి పోయేటోడు, "బ్రేక్ పట్టినప్పుడు కిర్రుమంటాంది" అని వాళ్ల నాన్నతో వచ్చాడు. గుడ్డతో మట్టి తుడిస్తే వెల్డింగ్ అంచున పెయింట్ మీద సన్నని గీత, దాని వెంట ఎర్రటి తుప్పు. గోరు పెడితే గీతకు తగులుకుంది. బ్రేక్ పట్టి సైకిల్‌ను ముందుకు నెట్టినప్పుడల్లా ఆ గీత తెరుచుకుంటోంది. పిల్లగాడిని ఏమీ అనకుండా, వాళ్ల నాన్న కొత్త ఫోర్క్ ధర అడిగాడు.

ఇప్పటికే చేయించుకున్నవాళ్లు భయపడి సైకిల్‌నే అమ్మేయకండి. ఫోర్క్ మార్చేదాకా తొక్కడం ఆపండి, అంతే. డిస్క్ మౌంట్‌తోనే (డిస్క్ బ్రేక్ బిగించే చోటుతోనే) వచ్చే స్టీలు ఫోర్కులు దొరుకుతాయి. కొనేముందు స్టీరర్ (ఫ్రేమ్‌లోకి పైకి పోయే ఫోర్క్ గొట్టం) 25.4 మిల్లీమీటర్లా, 28.6 మిల్లీమీటర్లా అన్నది వెర్నియర్‌తో కొలవండి. కంటి అంచనా నమ్మొద్దు. మర ఉందా లేదా, పొడవెంత అన్నదీ చూసుకోండి.

అట్లాగని ఫోర్క్‌ను ముట్టుకుంటేనే ప్రమాదం అనడమూ అపోహే. పాత స్టీలు ఫోర్క్ గాడిలో 9 మిల్లీమీటర్ల యాక్సిల్ పట్టకపోతే, రెండు పక్కలా సమానంగా అర మిల్లీమీటరు ఆకురాయితో రాయొచ్చు. గాడి నెత్తి మీద మాత్రం రాయొద్దు, చక్రం ఒరుగుతుంది. హబ్ (చక్రం నడిమి భాగం) పట్టడం కోసం స్టీలు కాళ్లను కొద్దిగా విడదీయొచ్చు. అల్యూమినియం, కార్బన్ అయితే వద్దు. చక్రం తొందరగా ఊడదీయొచ్చని గాడి అంచుల్లోని పొంగును రాసేస్తారు కొందరు. క్విక్ రిలీజ్ (పానా లేకుండా చక్రం విప్పే మీట) వదులైన రోజున చక్రాన్ని ఆపేది ఆ పొంగే. మర లేని స్టీరర్‌ను కొలిచి కోయడం మామూలు పని. మర ఉన్న పాతరకం ఫోర్క్‌లో హ్యాండిల్ ఎత్తు పెంచేటప్పుడు స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టే కాడ) మీద, ఇంతకు మించి ఎత్తొద్దని చెప్పే గీత బయటికి కనిపించకూడదు.