ట్యాగు పెడితే చాలా? ఎక్స్‌ఎంఎల్ చుట్టూ ఉన్న అపోహలు, వాస్తవాలు

బరంపురం పట్టు కొట్టు లెక్కలు ఇచ్ఛాపురం వ్యాపారి సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కాలన్నా, పర్లాకిమిడి డీటీపీ సెంటర్‌లో తెలుగు, ఒడియా కలిపి కొట్టిన జాబితా ఇంకో ఊరికి పనికిరావాలన్నా మధ్యలో తరచూ ఉండేది ఎక్స్‌ఎంఎల్ ఫైలే. ప్రతి వివరానికీ ముందూ వెనకా ట్యాగు అనే పేరు గుర్తు పెట్టి రాసే ఫైలు అది. దాని గురించి మేం ఎక్కువగా వినే మాటలివి.

అపోహ: ట్యాగు పేరు చూస్తే అర్థం తెలిసిపోతుంది.

వాస్తవం: <ధర>4500</ధర> అంటే మనకి తెలుస్తుంది. యంత్రానికి అవి రెండు గుర్తుల మధ్య నాలుగంకెలు, అంతే. జీఎస్టీ కలిపిన ధరా, కలపనిదా? ఒక చీరకా, జతకా? 03-04-2025ని మనం ఏప్రిల్ 3 అని చదువుతాం. మార్చి 4 అని తీసుకునే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది, అది తప్పని ఎక్కడా చూపించదు. ఇవన్నీ రెండు వైపులా కూర్చుని ముందే తేల్చుకోవాలి. ఏ ట్యాగు తప్పనిసరి, ఏది ఎన్నిసార్లు రావచ్చు, విలువ ఏ రకం అన్నది స్కీమాలో, అంటే ఫైలు పాటించాల్సిన నియమాల జాబితాలో, రాసుకోవాలి. ఎక్స్‌ఎంఎల్ స్కీమాలోని తేదీ రకం 2025-04-03 వరసనే ఒప్పుకుంటుంది.

రాష్ట్రం పేరు మాత్రం చేత్తో కొట్టించకండి. ఒకరు ఏపీ అంటారు, ఇంకొకరు ఆంధ్రా అంటారు. జీఎస్టీ కోడ్ ఒడిశాకి 21, ఆంధ్రప్రదేశ్‌కి 37. ఈ అంకెలు తప్ప వేరేవి పడకుండా స్కీమాలో కట్టడి చేయొచ్చు. అయినా 37 వేయాల్సిన చోట 21 వేస్తే స్కీమా పట్టుకోలేదు. ఆ తనిఖీ ప్రోగ్రాములో విడిగా పెట్టాలి.

అపోహ: జేసన్ (డేటా పంపుకునే ఇంకో పద్ధతి) వచ్చాక ఎక్స్‌ఎంఎల్ పని అయిపోయింది.

వాస్తవం: జీఎస్టీ రిటర్నులకి జేసన్ వాడతారు, నిజమే. కానీ ఆధార్ ఆఫ్‌లైన్ కేవైసీ ఫైలు, చాలా ట్యాలీ దిగుమతి ఫైళ్లు ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటాయి. ఇప్పటి ఎక్సెల్ ఫైలు (.xlsx) జిప్ విప్పి చూడండి, లోపల ఉన్నదీ అదే.

అపోహ: తెలుగు పెడితే ఫైలు పాడవుతుంది.

వాస్తవం: 1998లో వచ్చిన ఎక్స్‌ఎంఎల్ 1.0 యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి) మీదే నిలబడింది. ట్యాగు పేర్లు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు. పాడయ్యేది వేరే చోట.

పాత అను ఫాంట్లతో కొట్టిన తెలుగు, ఆకృతి ఫాంట్లతో కొట్టిన ఒడియా తెర మీద బాగానే కనిపిస్తాయి. లోపల ఉన్నవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలు. ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిచూసి, అప్పుడు ఫైల్లో పెట్టాలి. మొదటి లైనులో యూటీఎఫ్-8 (యూనికోడ్ సంఖ్యల్ని బైట్లుగా రాసే ఒక పద్ధతి, అంటే ఎన్‌కోడింగ్) అని రాసి వేరే ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేసినా ఇదే గొడవ.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది నిడివి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. గుణింతపు గుర్తు, సున్నా కూడా విడి సంకేతాలే. అందుకే ‘బరంపురం’ 7 సంకేతాలు, 21 బైట్లు. అవతలి డేటాబేస్ 20 బైట్ల దగ్గర కత్తిరిస్తే చివరి సున్నాలో రెండు బైట్లే మిగులుతాయి, ఆ పేరుతో మళ్లీ తయారైన ఫైలు మొత్తాన్ని పార్సర్ (ఫైలు చదివే ప్రోగ్రాము) తిప్పికొడుతుంది. చిన్న పేర్లతో పరీక్షిస్తే ఇది బయటపడదు. మీ దగ్గరున్న అతి పొడవైన పేరుతోనే పరీక్షించండి.

అపోహ: చిన్న తప్పుంటే అదే సర్దుకుంటుంది.

వాస్తవం: అలా సర్దుకునేది బ్రౌజర్, అదీ హెచ్‌టీఎంఎల్ పేజీని. ఎక్స్‌ఎంఎల్ పార్సర్ తప్పు దగ్గర ఆగిపోవాలన్నది నియమం. కొట్టు పేరులో ‘&’ గుర్తు ఉంటే, ఉదాహరణకి ‘రావు & సన్స్’, అది అలాగే వెళ్లకూడదు. ఆ గుర్తు తర్వాత ఏ, ఎం, పీ అక్షరాలు, సెమికోలన్ రావాలి. అక్షరాలు అతికించి ఫైలు తయారుచేయకుండా లైబ్రరీతో (సిద్ధంగా దొరికే ప్రోగ్రాము భాగంతో) రాయిస్తే ఈ మార్పు అదే చేస్తుంది. మీరు ముందే మార్చి లైబ్రరీకి ఇచ్చారా, రెండుసార్లు మారి అవతలి బిల్లు మీద కొట్టు పేరు మధ్యలో ఆ ఏఎంపీ అక్షరాలే అచ్చవుతాయి.