తపాలా బిళ్లల మీద చరిత్ర: తరచుగా వినే అపోహలు, అసలు వాస్తవాలు

కర్నూలులో ముప్పై ఏళ్లుగా తపాలా బిళ్లలు సేకరిస్తున్నాను. బడుల్లోనూ గ్రంథాలయ వారోత్సవాల్లోనూ వాటిని ప్రదర్శనకు పెట్టినప్పుడల్లా పెద్దలూ పిల్లలూ అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకేలా ఉంటాయి. వాటి వెనక ఉన్న అపోహల్లో ముఖ్యమైనవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఒకరి పేరిట తపాలా శాఖ ఏది విడుదల చేసినా వారి మీద స్టాంపు వచ్చినట్లే.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే కనుక కొంచెం వివరంగా చెబుతాను. తపాలా బిళ్ల మీద దేశం పేరూ విలువా తప్పక ఉంటాయి. దేశంలోని ఏ తపాలా కార్యాలయంలోనైనా ఉత్తరానికి అతికిస్తే అది రుసుముగా చెల్లుతుంది. ఒక వ్యక్తినో సంఘటననో స్మరిస్తూ తెచ్చే బిళ్లను సాధారణంగా ఒక్కసారే అచ్చువేస్తారు, ఆ ప్రతులు అయిపోతే మళ్లీ వేయరు. రోజువారీ వాడకం బిళ్లలను మాత్రం అవసరమైనప్పుడల్లా మళ్లీ అచ్చువేస్తూనే ఉంటారు. ప్రత్యేక కవరు వీటన్నిటికీ భిన్నమైనది: అది ఒక ఊరి ఉత్సవానికో సంస్థ వార్షికోత్సవానికో బొమ్మ అచ్చువేసిన కవరు మాత్రమే, దాని మీద అప్పటికే చలామణిలో ఉన్న ఏదో ఒక బిళ్ల అతికించి, ఆ రోజుకు ప్రత్యేకంగా చేయించిన ముద్ర కొడతారు.

ఇక మూడోది మై స్టాంప్. రుసుము చెల్లించి మన ఫోటో ఇస్తే, తపాలా శాఖ ముందే సిద్ధంచేసి ఉంచిన బిళ్ల పక్కనున్న ఖాళీ భాగంలో ఆ ఫోటోను అచ్చువేసి ఇస్తుంది. కొన్నేళ్ల క్రితం ఒక కుటుంబం తమ తాతగారి ఫోటో ఉన్న షీటును పటం కట్టించి తెచ్చి, ప్రభుత్వం ఆయన పేరిట స్టాంపు విడుదల చేసిందని ఎంతో భక్తితో నాకు చూపింది. బిళ్లకూ ఫోటోకూ మధ్యనున్న చిల్లుల వరుసను చూపించి, విలువ అంకె ఒకవైపే ఉందని చెప్పడం నాకు చాలా కష్టమైంది. ఆ పెద్దాయన చేసిన సేవ గొప్పదే, అయినా ఆ షీటు ప్రభుత్వం ఇచ్చిన గౌరవం కాదు. గుర్తుపట్టే పద్ధతి కూడా ఇదే: చిల్లుల లోపల, బొమ్మ ఉన్న ముక్క మీదే, విలువ ఉన్నదా లేదా అని చూడాలి.

అపోహ: బిళ్ల మీద 500 అని ఉంటే అది అయిదు వందల రూపాయలది.

వాస్తవం: అది పైసల లెక్క. కర్నూలు పక్కనే ఉన్న పెద్దపాడులో పుట్టి, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య గారి బిళ్ల 2008 ఫిబ్రవరి 14న, ఆయన జయంతి నాడు వచ్చింది. దాని మీద 500 అని చూసి, అంత ఖరీదైనదాన్ని చేత్తో ముట్టుకోవచ్చా అని ఏడో తరగతి పిల్లవాడు ఒకడు నన్ను అడిగాడు. అయిదు రూపాయలే నాయనా అని చెప్పి, పట్టకారుతో తీసి వాడి అరచేతిలో పెట్టాను.

అపోహ: స్వతంత్ర భారతపు తొలి బిళ్ల గాంధీజీదే.

వాస్తవం: తొలి బిళ్ల 1947 నవంబరు 21న వచ్చింది. దాని మీద మువ్వన్నెల జెండా, జైహింద్ అన్న మాట ఉన్నాయి. విలువ మూడున్నర అణాలు. గాంధీజీ బిళ్లలు నాలుగు, ఆయన మరణించిన సంవత్సరమే, 1948 ఆగస్టు 15న వచ్చాయి. వాటిని స్విట్జర్లాండులో అచ్చువేయించారు. అందులో పది రూపాయల బిళ్లకు ఈనాడు మంచి ధర పలుకుతుంది కనుకనే నకిలీలు కూడా తిరుగుతున్నాయి. తెలిసినవారికి చూపించకుండా కొనవద్దు.

అపోహ: బతికి ఉన్నవారి మీద బిళ్ల రాదు.

వాస్తవం: రాకపోవడమే సాధారణ నియమం, కానీ మినహాయింపులు ఉన్నాయి. స్త్రీ విద్య కోసం పాటుపడిన మహర్షి కార్వేకు 1958లో, మోక్షగుండం విశ్వేశ్వరయ్యకు 1960లో నూరేళ్లు నిండిన సందర్భంగా, వారు జీవించి ఉండగానే బిళ్లలు వచ్చాయి. మదర్ తెరిసా బిళ్ల 1980లో, సచిన్ టెండూల్కర్ బిళ్ల 2013లో వచ్చాయి.

అపోహ: బిళ్ల మీద ఉన్న ముఖమే ఆ మనిషి అసలు రూపం.

వాస్తవం: ఫోటోలు ఉన్న కాలం వారి విషయంలో ఇది చాలావరకు నిజమే. వేమన విషయం వేరు. ఆయన మీద 1972లో బిళ్ల వచ్చింది. అయితే ఆయన జీవించిన కాలం మీదే పండితులకు ఏకాభిప్రాయం లేదు, ఆయన కాలంలో ఎవరైనా చూసి గీసిన చిత్రమూ మనకు దొరకలేదు. ఆయన సమాధిగా జనం కొలిచే చోటు కదిరి ప్రాంతంలోని కటారుపల్లెలో ఉంది. కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ ఆ పద్యాలను సేకరించి 1829లో అచ్చువేయించకపోతే ఎన్ని మనకు దక్కేవో చెప్పలేము. కాబట్టి బిళ్ల మీది వేమన మన మనసుల్లోని వేమనే. అందులో తప్పు లేదు, కాని ఆ బొమ్మను చారిత్రక ఆధారంగా చూపడం మాత్రం తప్పు.

అపోహ: పాతదైతే చాలు, లక్షలు పలుకుతుంది.

వాస్తవం: ధరను తేల్చేది వయసు ఒక్కటే కాదు; ఎన్ని అచ్చయ్యాయి, ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో ఉన్నాయి అన్నవి కూడా. ప్రపంచపు తొలి బిళ్ల, 1840 నాటి బ్రిటన్ పెన్నీ బ్లాక్, ఆరు కోట్లకు పైగా అచ్చయింది, అందుకే ఇప్పటికీ దొరుకుతుంది. గాంధీజీ పది రూపాయల బిళ్ల మీద సర్వీస్ (అంటే ప్రభుత్వ ఉత్తరాల వాడకానికి) అని ముద్రించి గవర్నర్ జనరల్ కార్యాలయానికి ఇచ్చినవి వంద మాత్రమే. వాటిలో నాలుగు కలిసి ఉన్న ఒక ముక్క 2017లో అయిదు లక్షల పౌండ్లకు అమ్ముడైంది.

అపోహ: ముద్ర పడిన బిళ్ల పనికిరాదు, కవరు మీద నుంచి పీకి ఆల్బంలో జిగురుతో అతికించాలి.

వాస్తవం: ఏ ఊరి నుంచి ఏ రోజున ఆ ఉత్తరం బయలుదేరిందో చెప్పేది ఆ ముద్రే. పీకితే బిళ్ల వెనక పొర చిరుగుతుంది, ముద్రలో సగం కవరు మీదే ఉండిపోతుంది. జిగురు చేసే హాని ఎంతటిదో 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర నీళ్లు మా ఇంట్లోకి వచ్చినప్పుడు తెలిసింది. ముద్ర పడకుండా దాచిన కొత్త బిళ్లలు వాటి జిగురుతోనే ఒకదానికొకటి అంటుకుని అట్టముక్కల్లా అయ్యాయి. పళ్లెంలో మంచినీళ్లు పోసి నానబెట్టి, ఒక్కొక్కటిగా విడదీసి, పాత పత్రికల మధ్య ఆరబెట్టడానికి పదకొండు రోజులు పట్టింది. బొమ్మలు దక్కాయి, జిగురు పోయింది. అదే అలమారలో ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంచిన పాత ఉత్తరాలు మాత్రం ముద్రలతో సహా చెక్కుచెదరలేదు. మీ ఇంట్లో తాతల నాటి ఉత్తరాలు ఉంటే కత్తెర పెట్టకుండా, లామినేషన్ చేయించకుండా, కవరుతో సహా అలాగే గాలి తగిలే ఎత్తైన చోట దాచండి.